పద్నాలుగో సొట్ట

జాతీయ ఫుట్‌బాల్ లీగ్ కప్పు మీద ఇరవై మూడు సొట్టలున్నాయి. ఈ సంగతి ఏడాదికోసారి అందరూ వింటారు, ఎవరూ గుర్తుపెట్టుకోరు. గుర్తుపెట్టుకోవడమే ఉద్యోగంగా ముప్ఫై ఒక్క ఏళ్ళు గడిపిన మనిషి ఒకడున్నాడు. లీగ్ ఆఫీసులో సామాన్ల గది గుమాస్తా.

ఆయన్ని సొట్టల గుమాస్తా అనేవారు. ఎదురుగా కాదు, ఆయన అటు తిరగ్గానే. ఆయనకి వినపడేది, వినపడినందుకు సంతోషించేవాడు కూడా. చేసే పనిని బట్టి పేరు రావడం మంత్రులకే కుదరటంలేదు, తనకి కుదిరింది కదా అని.

సామాన్ల గదిలో చిరిగిన వలలు, గాలిపోయిన బంతులు, మూల జెండాలు, సీసా నిండా పాత విజిళ్ళు ఉండేవి. వీటి మధ్య ఒక బల్ల, బల్ల మీద మడతపెట్టిన దుప్పటి. కప్పు తిరిగొచ్చిన రోజున దాన్ని ఆ దుప్పటి మీద పడుకోబెట్టి, కిటికీ తలుపులు బార్లా తీసి, గుమాస్తా పరీక్ష మొదలుపెట్టేవాడు. ఆ సమయంలో లోపలికి ఎవరూ రాకూడదు. కార్యదర్శి అయినా సరే, గుమ్మం దగ్గర ఆగి దగ్గాలి.

పద్ధతి ఇది. గెలిచిన క్లబ్బు కప్పుని పదకొండు నెలలు ఉంచుకుంటుంది. పన్నెండో నెలలో తెచ్చి అప్పగిస్తుంది. ఏడాదిలో కొత్తగా సొట్ట ఏదైనా పడితే సొట్టల పుస్తకంలో రాయాలి. చోటు, పరిమాణం, దేనికి తగిలి, ఎవరి వల్ల, సంతకం అని అయిదు గడులు. పరిమాణానికి గుమాస్తా దగ్గర ఒక చిన్న డబ్బా ఉండేది. అందులో ఆవగింజ, మిరియం, శనగ, బఠాణీ. సొట్టలో గింజ పెట్టి కప్పుని కాస్త వంచేవాడు. గింజ దొర్లిపోతే తరవాతి గింజ. దొర్లకుండా కూర్చుంటే, అదీ లెక్క. స్కేలు పెట్టి కొలవచ్చుగా అని ఎవరో అడిగితే, "స్కేలు పొడుగు చెబుతుంది, గింజ ఒదుగు చెబుతుంది" అన్నాడు. అడిగినవాడు మళ్ళీ అడగలేదు.

ఆటంటే ఆయనకి పెద్ద మోజు లేదు. బంతికి సొట్ట పడితే గాలి కొడితే పోతుంది, అందులో చరిత్ర ఏం నిలుస్తుంది అనేవాడు. లీగ్‌లో ఉన్న ఎనిమిది క్లబ్బులనీ ఆయన గోళ్ళతోనూ పాయింట్లతోనూ ఎరగడు, సొట్టలతోనే ఎరుగును. తపాలా క్లబ్బు వాళ్ళది మూడోది: కప్పుని పదహారు కాగితాల్లో చుట్టి, పైన 'జాగ్రత్త' అని రాసి, అలవాటు కొద్దీ సంచిలోకి విసిరారు. అగ్నిమాపక క్లబ్బు వాళ్ళది ఏడోది: గంట మోగితే తాము జారి దిగే స్తంభం మీంచి, కెప్టెన్ కన్నా ముందు కప్పుని జార్చారు. ఉపాధ్యాయుల క్లబ్బు వాళ్ళది తొమ్మిదోది. చేసిందెవరో చెప్పేదాకా కదలకూడదని పదకొండు మందీ వరసగా నిలబడ్డారు, ఒక్కరూ నోరు విప్పలేదు, చివరికి అందరూ కలిసి సంతకం పెట్టారు. రేవు క్లబ్బు వాళ్ళు ఎప్పుడూ సొట్ట పడనివ్వలేదు గాని రెండుసార్లు నీళ్ళలో పడేశారు. నీళ్ళకి పుస్తకంలో గడి లేదు.

ఇక పద్నాలుగోది.

ఇరవై ఏడేళ్ళ కిందట పిండిమర క్లబ్బు కప్పు గెలిచింది. ఏడాది తరవాత దాన్ని తెచ్చి అప్పగించినవాడు ఆ క్లబ్బు గోల్‌కీపర్. లారీలో దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. గుమాస్తా పరీక్ష చేసి చూస్తే కప్పు పొట్ట మీద, ఎడమ పక్క, కోలగా ఒక కొత్త సొట్ట. ఏ గింజా అందులో ఒదగలేదు. గోల్‌కీపర్ని పిలిపిస్తే నాకు తెలియదన్నాడు. గుమాస్తా మూడో గడిలో 'తెలియదు' అని, నాలుగో గడిలో 'పిండిమర క్లబ్బు గోల్‌కీపర్, చేతి నుంచి జారినట్లు ఊహ' అని రాశాడు. గోల్‌కీపర్ సంతకం పెట్టనన్నాడు.

అంతటితో పోయేదే. కాని ఫైనల్ రోజున ఆట మొదలయ్యే ముందు సొట్టలన్నీ మైకులో చదవడం ఆచారం, గెలిచేవాళ్ళు ఏం పట్టుకుపోతున్నారో తెలిసి పట్టుకుపోవాలి కనక. ఆ ఏడాది గుమాస్తా గంభీరంగా చదివాడు. 'గోల్‌కీపర్ చేతి నుంచి జారి' అనగానే వెనక వరసలోంచి ఎవడో "చేతులకి ఆముదం రాసుకున్నాడా?" అని అరిచాడు. మైదానమంతా గొల్లున నవ్వింది.

మరుసటి సీజన్లో అతను బంతి పట్టబోయినప్పుడల్లా "ఆముదం! ఆముదం!" అని కేకలు. ఎన్నడూ జారని చేతుల్లోంచి రెండు బంతులు జారాయి. మూడోది జారకముందే అతను గ్లవ్స్ విప్పి, మరకి వెళ్ళి పిండి బస్తాలు పట్టుకున్నాడు. అవి జారలేదు. కాలక్రమాన మేస్త్రీ అయ్యాడు, క్లబ్బు అధ్యక్షుడు కూడా అయ్యాడు. అయినా ఏటా ఫైనల్లో పద్నాలుగో సొట్ట దగ్గరికి వచ్చేసరికి మైదానం "ఆముదం!" అనడం మానలేదు. ఎందుకంటున్నామో సగం మందికి తెలియదు. ఆచారాలు అలాగే బతుకుతాయి.

గుమాస్తాకి మేస్త్రీ మీద కోపం ఏమీ లేదు. ఉన్నదల్లా దురద. మూడో గడిలో 'తెలియదు' అన్న మాట కంట్లో నలుసులా ఉండేది. ఏటా కప్పు రాగానే సొట్టలో మైనం ఒత్తి అచ్చు తీసి జేబులో వేసుకునేవాడు. కంటపడిన ప్రతి వస్తువుకీ ఆ అచ్చు పెట్టి చూసేవాడు. మంగలి కత్తెర పిడికి చూశాడు. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెడితే, ఆయన ఆ గొట్టానికే మైనం పెట్టాడు. ఒక పెళ్ళిలో అవతలివాళ్ళ తాతగారి చేతికర్ర అడిగి తీసుకుంటే, నడవడానికి కాబోలని వాళ్ళు జాలిపడి కుర్చీ వేశారు.

"పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇంత పరీక్షగా చూడలేదు మీరు" అనేది భార్య.

"నీకు సొట్టలేం లేవుగా" అనేవాడు ఆయన. అది మెచ్చుకోలు అని ఆవిడ అర్థం చేసుకుంది. కాపురం అలా సాగింది.

సొట్టల పుస్తకం మొదటి పేజీలో ఒక నియమం ఉంది. సంతకం లేని సొట్ట ఏ క్లబ్బు పేరున ఉంటే, ఆ క్లబ్బు గెలిచినా కప్పు వాళ్ళ గడప తొక్కదు. మైదానంలో ఎత్తి చూపించుకోవచ్చు, ఫోటో తీయించుకోవచ్చు, ఆ పైన గుమాస్తా చేతిలో పెట్టి చేతులూపుకుంటూ పోవాలి. ఇరవై ఆరేళ్ళూ ఈ నియమం వల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు, పిండిమర క్లబ్బు ఫైనల్ మొహం చూడలేదు కనక. గుమాస్తా ఉద్యోగం చాలించే ఏడాదే చూడాలా? చూసింది. ఆదివారం ఫైనల్, పిండిమర క్లబ్బుకీ రేవు క్లబ్బుకీ. సోమవారం గుమాస్తాకి రిటైర్మెంటు.

శనివారం మధ్యాహ్నం మేస్త్రీ సామాన్ల గదికి వచ్చాడు. కనుబొమల మీద పిండి అలాగే ఉంది.

"గుమాస్తాగారూ, పుస్తకం తీయండి. సంతకం పెట్టేస్తాను."

గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇరవై ఆరేళ్ళు పెట్టనిది ఇవాళ పెడతారా? మనసు మారిందా, మతి పోయిందా?"

"రెండూ కాదు. మరలో నూట నలభై మంది ఉన్నారు. రేపు గెలిస్తే కప్పుని లారీ ఎక్కించి మర దాకా ఊరేగించాలని వాళ్ళ గోల. నా మూలాన ఉత్త చేతులతో పోతే వాళ్ళకి మొహం ఎలా చూపించను? నా పేరు ఎలాగూ పోయింది. పోయినదానికి కాపలా ఎందుకు? ఇవ్వండి కలం."

"అంటే జారిందని ఒప్పుకుంటున్నారు."

"సంతకం పెడతానన్నాను. జారిందనలేదు."

"సంతకానికి ముందు ఒక గడి ఉంది. దేనికి తగిలింది?"

"నాకేం తెలుసు? రాయికి తగిలిందని రాసుకోండి."

గుమాస్తా జేబులోంచి మైనం తీసి బల్ల మీద పెట్టాడు. "రాయి గరుగ్గా ఉంటుంది. ఇది నున్నగా ఉంది, చూడండి."

"అయితే మెట్టుకి."

"మెట్టుకి మూల ఉంటుంది. దీనికి లేదు."

"గడపకి!"

"గడప చెక్క. చెక్కకి తగిలితే ఇంత లోతు పడదు."

మేస్త్రీ తల పట్టుకున్నాడు. "పోనీ దేనికి తగిలిందో మీరే చెప్పండయ్యా, దానికే తగిలిందంటాను!"

"నాకు తెలిస్తే మిమ్మల్ని అడగడమెందుకు?"

"చెయ్యలేదంటే ఇరవై ఆరేళ్ళు నమ్మలేదు. చేశానంటే ఇవాళ ఒప్పుకోరు. మీతో ఎలా వేగడమండీ?"

"ఆ గడి నిజంతో నిండాలి. అబద్ధం నా పుస్తకంలో పడనివ్వను."

మేస్త్రీ లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "అబద్ధం పడనివ్వరు, సరే. మరి 'ఊహ' ఎలా పడనిచ్చారు?"

 గుమాస్తా డబ్బా మూత తీశాడు, పెట్టాడు. మేస్త్రీ వెళ్ళిపోయాడు. అతను కూర్చున్న కుర్చీ మీద పిండి మిగిలింది.

చివరిసారి చదవబోతున్నాను కదా, తడబడకూడదని గుమాస్తా ఆ సాయంత్రం పుస్తకం ఇంటికి తెచ్చాడు. ఇన్నేళ్ళూ సామాన్ల గదిలో వలలకీ విజిళ్ళకీ వినిపించి సాధన చేసేవాడు. ఆ రోజు ఆ గదిలో ఇంకో అరగంట కూర్చోబుద్ధి కాలేదు. ఇంట్లో భార్య ఆరిన బట్టలు మడతపెట్టి బీరువాలో సర్దుతోంది.

"ఇక్కడే చదవండి, వింటాను" అంది. "మైదానంలో మీ గొంతు సగం మైకే మింగేస్తుంది. ఒక్క ఏడాదీ పూర్తిగా విన్నది లేదు."

ఆయన నిలబడి చదివాడు. ఒకటో సొట్ట నించి ఇరవై మూడో సొట్ట దాకా, చోటు, పరిమాణం, కారణం, కర్త. ఆవిడ దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు మడిచింది. అగ్నిమాపక క్లబ్బు దగ్గర నవ్వింది. ఉపాధ్యాయుల దగ్గర "పాపం" అంది. ఆయన పుస్తకం మూశాడు.

"బాగుంది. అన్నీ చదివారా?"

"అన్నీ. ఇరవై మూడు."

"మరి మన బీరువాది చదవలేదేం?"

"మన బీరువాది ఏమిటి?"

"అదేనండీ. ఆఫీసుకి సున్నాలు వేస్తున్నారని ఓ శుక్రవారం కప్పుని ఇంటికి తెచ్చారు కదా. నియమం ప్రకారం అది మీ చూపు దాటకూడదన్నారు. ఇందులో పెట్టారు. తలుపు పడలేదు. మోకాలితో ఒక్క తోపు తోశారు, లోపల టక్కుమంది. ఏమండీ, ఏదో నొక్కుకున్నట్టుంది అన్నాను. 'నాకు తెలుసులే' అన్నారు."

 ఆ శుక్రవారం మేస్త్రీ చేతుల్లోంచి కప్పు తీసుకున్నది ఆఫీసు గుమ్మంలో, సున్నం బాల్చీల మధ్య. పరీక్ష చేసింది సోమవారం. పుస్తకంలో 'అందినది' అన్నచోట సోమవారమే వేశాడు. మధ్యలో రెండు రోజులు ఈ ఇంట్లో ఉన్నాయి.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?"

"తెలుసన్న మనిషికి ఏమని చెప్పను? అది మీరు అప్పుడే రాసుకున్నారనుకున్నాను. ఈ మైనం సంత ఇంకేదో సొట్టకి అనుకున్నాను. మంగలిని అడిగారు, డాక్టర్ని అడిగారు, ముక్కూ మొహం తెలియని తాతగార్ని అడిగారు. నన్ను ఒక్కసారైనా అడిగారా?"

ఆయన బీరువా తలుపు పూర్తిగా తెరిచాడు. తలుపు లోపలి వైపు, పిడికి వెనకాల, రెండు స్క్రూలతో బిగించిన ఇనప బిళ్ళ ఒకటి ఉంది. కోలగా, నున్నగా, మూలల్లేకుండా. ఇరవై ఆరేళ్ళ పాటు రోజూ చొక్కా తీసుకుంటూ చూసిన బిళ్ళే. జేబులోంచి మైనం తీసి పక్కన పెట్టి చూశాడు. పొడవు సరి. వెడల్పు సరి. ఒక కొసన ఉన్న చిన్న గీతతో సహా సరి.

"దొరికింది!" అని కేకపెట్టాడు. "ఏమే, దొరికిందే!"

ముందు వచ్చింది సంతోషమే, ఆ మాట దాచకూడదు. పాతికేళ్ళు వెంటాడిన ప్రశ్నకి జవాబు దొరికితే మనిషి ముందు గంతే వేస్తాడు. ఆ జవాబు తానే అని తరవాత తడుతుంది. గుమాస్తాకి పిండి అంటిన కుర్చీ గుర్తుకొచ్చింది. ఆయన మంచం అంచున కూర్చున్నాడు.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది" అంది భార్య. కాని మెల్లిగానే అంది. "రేపేం చేస్తారు?" అని అడిగింది.

"గడి ఖాళీగా ఉంది కదా" అన్నాడు ఆయన. "కలం ఇలా ఇవ్వు."

ఆదివారం మైదానం కిక్కిరిసి ఉంది. పిండిమర వాళ్ళు ఒక పక్క, రేవు వాళ్ళు ఒక పక్క. మధ్యలో బల్ల, బల్ల మీద కప్పు. గుమాస్తాకి ఇవ్వబోయే గోడగడియారం రంగు కాగితంలో చుట్టి కార్యదర్శి ఒళ్ళో ఉంది. మేస్త్రీ మొదటి వరసలో, ఏటా కూర్చునేట్టే, రెండు చేతులూ చంకల్లో దాచుకుని కూర్చున్నాడు.

గుమాస్తా చదవడం మొదలుపెట్టాడు. జనం కబుర్లు చెప్పుకుంటున్నారు. పదమూడు పూర్తయ్యేసరికి కబుర్లు ఆగాయి. వెనక వరసలు ఊపిరి పీల్చుకుని సిద్ధంగా ఉన్నాయి.

"పద్నాలుగు. కప్పు పొట్ట మీద, ఎడమ పక్క. కోలగా." ఆయన కాస్త ఆగాడు. "దేనికి తగిలి: గుమాస్తా ఇంటి బీరువా తలుపు బిళ్ళకి. ఎవరి వల్ల: గుమాస్తా మోకాలి వల్ల. సంతకం: గుమాస్తా. గమనిక: పిండిమర క్లబ్బు గోల్‌కీపర్ చేతి నుంచి కప్పు జారలేదు. ఇరవై ఆరేళ్ళ కిందట రాసిన ఊహ తప్పు."

"ఆము..." అన్నాడు ఎవడో, అలవాటు కొద్దీ, అని మధ్యలో ఆగిపోయాడు. ఇలాంటి సందర్భంలో ఏమని అరవాలో మైదానానికి ఆచారం లేదు. కార్యదర్శి గడియారాన్ని ఒళ్ళోంచి కుర్చీ కిందికి దించాడు. తరవాత మళ్ళీ పైకి తీశాడు. ఏ నియమం కింద ఏది చెయ్యాలో ఆయనకీ తెలియలేదు. అప్పుడు పిండిమర వాళ్ళ వైపు నించి ఒక ముసలి గొంతు "బీరువా!" అని అరిచింది. అటు నూట నలభై మందీ అందుకున్నారు. రేవు వాళ్ళూ అందుకున్నారు. మైదానమంతా "బీరువా! బీరువా!" అని హోరెత్తింది.

గుమాస్తా మైకు మీదికి వంగి, "పదిహేను" అన్నాడు.

మేస్త్రీ నవ్వలేదు, లేవలేదు. చేతులు చంకల్లోంచి తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. అరచేతులు పైకి.

ధర్మం గెలిచిన రోజున పిండిమర క్లబ్బు కూడా గెలవాలని ఎక్కడా నియమం లేదు. రెండు ఒకటితో ఓడిపోయింది. కప్పు రేవుకి పోయింది, లారీ ఖాళీగా మరకి పోయింది. ఖాళీ లారీలో కూడా వాళ్ళు పాడుకుంటూనే వెళ్ళారని తరవాత విన్నారు.

రిటైరైన రెండో ఆదివారం ఉదయం గుమాస్తా ఇంటి తలుపు ఎవరో తట్టారు. మేస్త్రీ. కనుబొమలు శుభ్రంగా కడుక్కుని వచ్చాడు.

"కూర్చోండి" అన్నాడు గుమాస్తా.

"కూర్చోడానికి రాలేదండీ. ఆ బీరువా ఒకసారి చూడొచ్చా?"

ముగ్గురూ పడగ్గదిలోకి వెళ్ళారు. భార్య తలుపు తెరిచింది. మేస్త్రీ ఆ బిళ్ళ ముందు చాలాసేపు నిలబడ్డాడు, ఏదో దేశం నించి వచ్చిన వింత జంతువుని చూస్తున్నట్టు. వేలితో చుట్టూ తడిమాడు. గుమాస్తా అడక్కుండానే మైనం అందించాడు. మేస్త్రీ దాన్ని బిళ్ళ పక్కన పెట్టి చూశాడు, తిప్పి చూశాడు, వెనక్కి ఇచ్చాడు.

"ఒక మాట చెప్పనా గుమాస్తాగారూ? కొన్నేళ్ళు పోయాక నాకే అనుమానం వచ్చేది. నిజంగానే జారిందేమో, నేనే మర్చిపోయానేమోనని. లారీలో ఒక చోట పెద్ద కుదుపు వచ్చింది. ఆ కుదుపు ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నానో."

గుమాస్తా ఏదో అనబోయాడు. పుస్తకంలో అయితే దానికొక గడి ఉండేది. ఇక్కడ లేదు. "తప్పు నాదండీ" అన్నాడు, మైకు లేకుండా.

"రాశారుగా" అన్నాడు మేస్త్రీ. "అందరూ విన్నారు. చాలు." బిళ్ళని ఇంకోసారి తడిమి, "అయితే మరీ అంత గట్టిగా ఎందుకు తోశారండీ?" అని అడిగాడు.

"ఈ తలుపు అంతేనండీ, ఊరికే పడదు. చూడండి." గుమాస్తా తలుపు మూసి, అది మొరాయించగానే అలవాటు ప్రకారం మోకాలు ఎత్తాడు.

"ఏమండీ" అంది భార్య. "లోపల ఏదో అడ్డం ఉంది."

"నాకు తెలు..." అన్నాడు గుమాస్తా. మేస్త్రీ వంక చూశాడు. మోకాలు దించాడు.

"ఏం అడ్డం ఉంది?" అని అడిగాడు.

"మీ గోడగడియారం" అంది ఆవిడ.